టైల్సు అడుగున నాలుగున్నర వేల ఏళ్ల చరిత్ర

పాత స్నానాల గదిని పగలగొట్టి కొత్తగా కట్టించుకోవడం ఇప్పుడు ప్రతి వీధిలోనూ కనిపించే పని. మీ ఇంట్లోనూ జరిగే ఉంటుంది, లేదా రేపో మాపో జరగవచ్చు. అప్పుడు ఇంటిల్లిపాదీ దేని గురించి మాట్లాడుకుంటారు? టైల్సు ఏ రంగువి వేయించాలి, కుళాయిలు ఏ రకానివి కొనాలి, అద్దం ఎక్కడ బిగించాలి - ఇవే కదా! కానీ ఆ గది ఇరవై ఏళ్లు నిక్షేపంగా ఉంటుందా, రెండేళ్లకే కింది గది కప్పుకు చెమ్మ దిగుతుందా అన్నది టైల్సు అడుగున జరిగే పనిని బట్టి ఉంటుంది. అక్కడి ఏర్పాట్లు ఎప్పుడు, ఎందుకు పుట్టాయో తెలుసుకుంటే, మేస్త్రిని ఏమి అడగాలో మీకే తెలుస్తుంది.

మొహెంజొదారో చూపిన వాటం

సింధు నది సమీపంలో, నేటి పాకిస్తాన్‌లో ఉన్న మొహెంజొదారోలో 1922లో తవ్వకాలు మొదలయ్యాయి. క్రీ.పూ. 2500 నాటి ఆ నగరంలో చాలా ఇళ్లకు స్నానానికి ప్రత్యేకంగా ఒక చోటు ఉంది. అక్కడ కాల్చిన ఇటుకలతో చిన్న అరుగు కట్టేవారు. ఇటుకల అంచులను అరగదీసి, సందు లేకుండా దగ్గరగా పేర్చేవారు. అరుగును ఒక పక్కకు కాస్త వాలుగా ఉంచేవారు. నీరు ఆ వాలు వెంట జారి, గోడలోని తూము గుండా వీధి కాలువలో కలిసేది. ఆ కాలువల దారిలో గుంటలు కూడా ఉండేవి. మురుగులోని చెత్త వాటి అడుగున పేరుకుంటే, పైనున్న నీరు ముందుకు సాగేది.

మన మేస్త్రీలు 'వాటం' అనేది ఈ వాలునే. నీటిని తూము దాకా నడిపించేది భూమ్యాకర్షణ ఒక్కటే. వాటం చాలకపోతే నీరు నిలిచి పాచి పడుతుంది. మరీ ఎక్కువైతే కాలు జారుతుంది. సాధారణంగా ప్రతి మీటరు పొడవుకూ 1 నుంచి 1.5 సెంటీమీటర్ల వాలు సరిపోతుంది. టైల్సు వేశాక దీన్ని సరిదిద్దాలంటే మళ్లీ పగలగొట్టాల్సిందే. కాబట్టి అడుగున మట్టం చేస్తున్నప్పుడే రసమట్టంతో చూడాలి.

చెమ్మకు అడ్డుకట్ట

మొహెంజొదారోలోనే పెద్ద స్నానఘట్టం ఒకటి ఉంది. సుమారు 12 మీటర్ల పొడవు, 7 మీటర్ల వెడల్పు, 2.4 మీటర్ల లోతు. దాని ఇటుకలను జిప్సం కలిపిన అడుసుతో కూర్చి, గోడ వెనుక బిటుమెన్ అనే సహజమైన తారును మందంగా పూశారు. ఇటుకలు అంత దగ్గరగా పేర్చినా మళ్లీ తారెందుకు?

ఇటుకలోనూ, అడుసులోనూ కంటికి కనిపించని సన్నని రంధ్రాలుంటాయి. దీపపు వత్తిలోకి నూనె ఎక్కినట్టే, కేశనాళికీయత వల్ల వీటిలోకి నీరు పాకుతుంది. నేటి సిమెంటుకూ ఇదే గుణం ఉంది. టైలు నీటిని పీల్చకపోయినా రెండు టైల్సు మధ్య అతుకు పీలుస్తుంది. అందుకే టైల్సు కింద నీరు దిగని పూత ఒకటి తప్పనిసరి. పూత ఆరాక తూము మూసేసి, నేల మీద నీరు నిలగట్టి, కనీసం ఒక రోజంతా ఉంచాలి. కింది కప్పు పొడిగా ఉంటేనే టైల్సు పని మొదలుపెట్టాలి.

గడియారాలు చేసే మనిషి వంచిన గొట్టం

నీటిని బయటికి పంపే గొట్టంతో ఇంకో చిక్కుంది. నీరు కిందికి పోయే దారిలోనే మురుగు వాయువులు పైకి వస్తాయి. 1596లో ఇంగ్లండులో జాన్ హారింగ్టన్ నీటితో కడిగే మరుగుదొడ్డిని వర్ణించాడు కానీ ఈ చిక్కు తీరలేదు. 1775లో లండన్‌లో గడియారాలు తయారుచేసే అలెగ్జాండర్ కమ్మింగ్ ఒక మరుగుదొడ్డికి పేటెంటు పొందాడు. అందులో గొట్టాన్ని పాములా వంచాడు. ఆ వంపులో ఎప్పుడూ కొంత నీరు నిలిచి, వాయువుకు అడ్డుపడుతుంది. నేడు ప్లంబర్లు 'ట్రాపు' అనేది దీన్నే.

ఆ తరువాత లండన్‌లో ఇలాంటి మరుగుదొడ్లు పెరిగాయి. వాటి మురుగంతా థేమ్స్ నదికి చేరింది. 1858 వేసవిలో కంపు భరించలేక పార్లమెంటు కిటికీల తెరలను బ్లీచింగ్ పౌడరు ద్రావణంతో తడపాల్సి వచ్చింది. చివరికి జోసెఫ్ బజల్‌గెట్ అనే ఇంజనీరు ఆధ్వర్యంలో భూగర్భ మురుగు కాలువలు కట్టారు. అప్పట్లో చాలామంది కంపే కలరాను తెస్తుందని నమ్మేవారు. కలుషితమైన నీటి వల్ల వస్తుందని 1854లో జాన్ స్నో చూపినా వెంటనే ఒప్పుకోలేదు. 1884లో రాబర్ట్ కోహ్ మన కలకత్తాలోనే కలరా బాక్టీరియాను వేరుచేసి చూపాడు.

మరి కంపు రోగకారణం కాదని తేలింది కదా, ట్రాపు దుర్వాసన ఆపడానికి మాత్రమేనా?

హాంకాంగ్ చెప్పిన జవాబు

2003 మార్చిలో హాంకాంగ్‌లోని అమోయ్ గార్డెన్స్ అనే అపార్టుమెంట్ల సముదాయంలో సార్స్ వ్యాధి ఒక్కసారిగా చెలరేగింది. 300 మందికి పైగా దాని పాలబడ్డారు, 42 మంది మరణించారు. విరేచనాలతో బాధపడుతున్న ఒక రోగి అక్కడి ఒక భవనానికి వచ్చి వెళ్లాడు. వైరస్ మురుగు గొట్టంలో చేరింది. అక్కడివారు స్నానాల గదుల నేలను నీళ్లు పోసి కడగరు, తడిగుడ్డతో తుడుస్తారు. దాంతో చాలా ఇళ్లలో నేల ట్రాపుల్లో నీరు ఎండిపోయింది. తలుపు మూసి ఎగ్జాస్ట్ ఫ్యాను వేసినప్పుడు అది గొట్టంలోని గాలిని, వైరస్ ఉన్న తుంపరలతో సహా గదిలోకి లాగి ఉండవచ్చని దర్యాప్తులో భావించారు. ఆ భవనంలో గొట్టాలు, ఫ్యాన్లు అన్నీ ఉన్నాయి. ట్రాపుల్లో ఉండవలసిన కొద్దిపాటి నీరే లేదు!

ఆ నీటి బలమెంతో లెక్క వేద్దాం. వాతావరణ పీడనం సుమారు 10 మీటర్ల నీటిస్తంభానికి సమానం. ట్రాపులో నిలిచే నీరు సాధారణంగా 5 సెంటీమీటర్ల లోతు. అంటే వాతావరణ పీడనంలో 200వ వంతు తేడా వచ్చినా ఈ అడ్డు తొలగిపోతుంది. పై అంతస్తు నుంచి నీరు గొట్టం నిండా ఒక్కుమ్మడిగా దిగితే, దాని వెనుక పీడనం తగ్గి పక్క ట్రాపులోని నీటిని లాగేస్తుంది. మీకు వినిపించే 'గుడగుడ' శబ్దం చాలాసార్లు అదే. దీన్ని నివారించడానికే మురుగు గొట్టాన్ని మేడ పైకి ఎత్తి, గాలి ఆడేలా తెరిచి ఉంచుతారు. ఎగ్జాస్ట్ ఫ్యాను ఉన్న గదికి కూడా బయటి గాలి లోపలికి వచ్చే సందు ఉండాలి.

మీరు చేసి చూడండి

మేస్త్రీలు మట్టం చూసే పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టం మీటరు ముక్క తీసుకోండి. దాన్ని పాములా వంచి కొంచెం నీళ్లు పోయండి. వంపులో నీరు నిలుస్తుంది. ఒక చివర మెల్లగా ఊదితే నీటిమట్టం జరుగుతుంది, గట్టిగా ఊదితే గాలి బుడగలుగా దాటిపోతుంది. ట్రాపుకున్న బలమూ, బలహీనతా మీ కళ్లముందే ఉంటాయి.

ఇక మీ ఇంట్లో పని మొదలైనప్పుడు టైల్సు రంగు పెద్దవాళ్లకు వదిలేసి, మీరు ఈ నాలుగూ అడగండి: వాటం చూశారా? నీరు నిలగట్టి పరీక్షించారా? ప్రతి తూముకూ ట్రాపు పెట్టారా? గొట్టానికి గాలి దారి ఉందా? ఎవరూ వాడని స్నానాల గది ఉంటే వారానికోసారి దాని తూములో ఒక చెంబుడు నీళ్లు పోయండి. ఖర్చు లేని ఆ చిన్న పనితో ట్రాపులో నీరు ఎండకుండా ఉంటుంది.