ఎవరూ చూడని ఇసుక రేణువులు



మేము అరవ బడిలో చదివినవాళ్ళం. తెలుగు అక్షరాలు ఇంట్లో అమ్మ దగ్గర కొన్ని, రైల్వే కొలువులో ఉండగా పాత వారపత్రికలు చూసి కొన్ని నేర్చుకొంటిమి. తప్పులుంటే దిద్దండి, కోపం వద్దు. ఈసారి రాత కొంచెం పొడుగు. విషయం గోల్ఫ్. "చేతికర్ర పట్టే వయసులో ఈయనకు గోల్ఫ్ ఎందుకప్పా" అని నవ్వేవాళ్ళు నవ్వండి. కడదాకా చదివితే మన ఉగాది ఆటలపోటీ దగ్గరకే వస్తాము.

మా తమ్ముని మనవడు బెంగుళూరులో గోల్ఫ్ నేర్చుకొంటా ఉన్నాడు. మొన్న హోసూరు నుంచి వాడితో కూడా పోయి, రెండు గంటలు చెట్టు నీడలో కూచొని చూస్తిమి. నేర్పించే ఆయన ఆ రెండు గంటలూ ఒకే మాట చెప్పినాడు: టేక్‌అవే. బంతి వెనక పెట్టిన కర్రను కొట్టడానికి వెనక్కి తీసే తొలి కదలికకు ఆ పేరు. మూరెడు దూరం, ఒక్క క్షణం. అక్కడ తప్పితే పైన ఎంత సర్దినా బంతి తిన్నగా పోదు అంటాడాయన.

మాకు అది వెంటనే అర్థమయింది, ఎందుకంటే మేము బండ్లు కదలడం చూస్తా ముప్పై ఏండ్లు గడిపినవాళ్ళం. గూడ్సు బండిని డ్రైవరు ఒక్కసారిగా లాగడు. పెట్టె వెనక పెట్టె, కొక్కీ వెనక కొక్కీ మెల్లగా బిగిసేదాకా ఓర్చుకొంటాడు. తొందరపడి గుంజితే నడుమ ఎక్కడో కొక్కీ తెగుతుంది. టేక్‌అవే కూడా అంతే. భుజాలు, చేతులు, కర్ర ఒకే ముక్కగా, మెల్లగా కదలాలి. మణికట్టుతో కర్రను లోపలికి గుంజేస్తే తరువాత దాన్ని దారికి తేవడానికే బలమంతా పోతుంది.

ఈ తొలి కదలికకు ఒక చరిత్ర ఉంది. పాతకాలం స్కాట్లాండులో గోల్ఫ్ కర్రల కాడలు హికరీ అనే చెట్టు కొయ్యతో చేసేవాళ్ళు. కొయ్య కాడ వంగుతుంది, మెలి కూడా తిరుగుతుంది. అందుకని ఆ కాలం ఆటగాళ్ళు చేతులను ముందు కదిలించి, కర్ర తలను వెనక ఈడ్చుకొని పోయేవాళ్ళు. మణికట్టు పని ఎక్కువ. 1924లో అమెరికా గోల్ఫ్ సంఘం, 1929లో బ్రిటన్‌లోని ఆర్ అండ్ ఏ ఉక్కు కాడలకు ఒప్పుకొన్నాయి. ఉక్కు అంతగా మెలి తిరగదు. కర్ర మారింది, కాబట్టి కదలికా మారింది. టెక్సస్‌లో సంచులు మోసే కుర్రవాడుగా మొదలుపెట్టిన బైరన్ నెల్సన్ 1930ల్లో ఉక్కు కర్రకు సరిపోయేటట్లు తన ఆటను తిరిగి కట్టుకొన్నాడు. 1945లో వరసగా 11 పోటీలు గెలిచినాడు. అదే మైదానంలో ఆయనతో పాటు సంచులు మోసిన బెన్ హోగన్ 1957లో రాసిన పాఠాల పుస్తకంలో చేతులు, బాహువులు, భుజాలు దాదాపు ఒకేసారి బయలుదేరాలని చెప్పినాడు. జాక్ నిక్లస్ ఇంకొక అలవాటు చేసుకొన్నాడు. కొట్టేముందు కర్రను నేల మీద ఆనించడు, గాలిలోనే పట్టుకొంటాడు. కర్ర గడ్డికి తగులుకోకుండా మెల్లగా వెనక్కి వస్తుంది, బంతి కదిలిపోతుందనే భయమూ తక్కువ.

మన దేశానికి ఈ ఆట దొరలతో వచ్చింది. కలకత్తాలో 1829లో, బెంగుళూరులో 1876లో క్లబ్బులు పెట్టినారు. మనవాళ్ళు మొదట అక్కడ అడుగుపెట్టింది ఆడడానికి కాదు, సంచులు మోయడానికి, గడ్డి కోయడానికి. కానీ మోసినవాళ్ళే చూసి చూసి నేర్చుకొన్నారు. బెంగుళూరులో సంచులు మోసిన సి. మునియప్ప 2009లో ఇండియన్ ఓపెన్ గెలిచినాడు. ఈ పొద్దు మన హోసూరు పక్కనే గోల్ఫ్ మైదానం ఉంది. కాబట్టి ఇది మనకు సంబంధం లేని ఆట అనుకోవద్దు.

ఇక అసలు కథ. ఈ ఆటలో ఒక విచిత్రం ఉంది. క్రికెట్టులో మాదిరి ప్రతి బంతికీ పక్కన అంపైర్ ఉండడు. తన తప్పు తానే చెప్పాలి, తన లెక్కకు తానే జవాబుదారీ.

1925లో అమెరికాలోని వూస్టర్ అనే ఊరిలో యు.ఎస్. ఓపెన్ జరిగింది. బాబీ జోన్స్ అప్పటికే పేరున్న ఆటగాడు. వృత్తిగా కాక సరదాకు ఆడేవాడు, డబ్బు తీసుకొనేవాడు కాదు. ఎత్తు గడ్డిలో బంతి వెనక కర్ర పెడుతుండగా బంతి కొంచెం కదిలిందన్నాడు. ఇంకెవరికీ కనబడలేదు. అధికారులు అడిగితే కూడా కదిలింది అనే చెప్పి ఒక దెబ్బ జరిమానా వేసుకొన్నాడు. ఆఖరున విల్లీ మెక్‌ఫార్లేన్‌తో సమానం అయినాడు. మరుసటి రోజు ఇద్దరికీ మళ్ళీ 18 గుంటల పోటీ పెడితే అదీ సమానం. ఇంకొక 18 పెడితే జోన్స్ ఒక్క దెబ్బ తేడాతో ఓడినాడు. ఆ ఒక్క జరిమానా లేకపోతే ముందు రోజే గెలిచి ఉండేవాడు. 1955 నుంచి అమెరికా గోల్ఫ్ సంఘం మంచి నడవడికి ఆయన పేరు మీద బహుమానం ఇస్తా ఉంది.

ఆ జోన్స్ చిన్నప్పుడు ఆట నేర్చుకొన్నది అట్లాంటాలోని ఈస్ట్ లేక్ మైదానంలో. సరిగ్గా ఆ మైదానంలోనే 2024 ఆగస్టు 31న మన తెలుగు బిడ్డ ఒకడు నిలబడినాడు. పేరు తీగల సాహిత్. తల్లిదండ్రులు హైదరాబాదు నుంచి పోయినవాళ్ళు. ఈయన 1997లో కాలిఫోర్నియాలో పుట్టినాడు. చిన్నతనంలోనే వెన్నెముక వంకర ఉన్నా ఆట విడిచిపెట్టలేదు. 2020లో అమెరికా కాలేజీ గోల్ఫ్‌లో ఉత్తమ ఆటగాడికి ఇచ్చే మూడు పెద్ద బహుమానాలూ ఒకే ఏడాది తెచ్చుకొన్నాడు. 2023లో పి.జి.ఏ. టూర్‌లో మొదటి గెలుపు. ఆ తరువాతి ఏడాది టూర్ ఛాంపియన్‌షిప్‌కు వచ్చినాడు. ఏడాదంతా బాగా ఆడిన 30 మందికే ఆ పోటీలో చోటు.

మూడో రోజు, మూడో గుంట దగ్గర బంతి ఇసుక గుంతలో పడింది. ఇసుకలో ఒక కట్టడి ఉంది. కొట్టేముందు కర్రను ఇసుకకు ఆనించకూడదు, వెనక్కి తీసేటప్పుడు కూడా తగలకూడదు. తగిలితే రెండు దెబ్బల జరిమానా. సాహిత్ కర్రను వెనక్కి తీస్తుండగా కొన్ని ఇసుక రేణువులు కదిలినట్లు ఆయనకు అనిపించింది. కొట్టిన తరువాత తానే తోటి ఆటగాడికి, అధికారికి చెప్పినాడు. రెండు దెబ్బలు వేసుకొన్నాడు.

మేము లెక్కల గుమాస్తాలం, లెక్క చూడకుండా ఉండలేము. ఆ పోటీలో స్కాటీ షెఫ్లర్ గెలిచినాడు, కాలిన్ మొరికావ రెండు, సాహిత్ మూడు. మొరికావకూ సాహిత్‌కూ తేడా సరిగ్గా రెండు దెబ్బలు. రెండో చోటుకు ఒక కోటి 25 లక్షల డాలర్లు, మూడో చోటుకు 75 లక్షల డాలర్లు. సమానం అయి ఉంటే ఇద్దరికీ చెరి ఒక కోటి వచ్చేది. అంటే కాగితం మీద 25 లక్షల డాలర్లు, మన డబ్బులో 20 కోట్ల రూపాయల పైమాట. కొన్ని రేణువులకు!

మేము కౌంటరులో కొత్తగా కూచున్నప్పుడు మా పైన ఉన్న పెద్దాయన ఒక మాట చెప్పినాడు. పెట్టెలో డబ్బు తగ్గితే మన జేబులో నుంచి కట్టాలి, అది ఎవరికైనా తెలుసు. డబ్బు ఎక్కువ వస్తే కూడా లెక్కలో చూపించాలి, అక్కడే మనిషి తెలుస్తాడు అన్నాడు. ఆ ఎక్కువ డబ్బును చూసేవాళ్ళు ఎవరూ ఉండరు కదా.

ఇప్పుడు మన ఉగాదికి వస్తాము. చెంచా నిమ్మకాయ పందెంలో ఒక పిల్లవాడు అందరికన్నా ముందు వచ్చినాడు. అందరమూ చప్పట్లు కొడుతూ ఉంటే వాడే చెయ్యెత్తి "నడుమ నిమ్మకాయ పడబోతే చెయ్యి పెట్టినాను" అన్నాడు. కప్పు రెండో పిల్లకు పోయింది. వాళ్ళ నాయన అందరి ముందర "నిన్ను ఎవరు అడిగినారురా?" అని గదిమినాడు. కొందరు నవ్వినారు. పేర్లు రాసే కాగితం, పెన్ను మా చేతిలోనే ఉండె. మేము పేరు కొట్టేసి, రెండో పేరు పైన రాసి, ఊరికే ఉంటిమి. ఒక మంచి మాట కూడా అనలేదు. పిల్లవాడు తల వంచుకొని పోయి అమ్మ పక్కన కూచొన్నాడు. ఆ తల వంచడం ఇంకా మా కళ్ళలో ఉంది.

ఆ నాయనను తప్పుపట్టడానికి ఇది రాయలేదు. బిడ్డ గెలవాలని ఎవరికి ఉండదు? తప్పు మాది. అంతమంది పెద్దవాళ్ళలో ఒక్కరమైనా లేచి "శభాష్ నాయనా" అని ఉంటే ఆ నవ్వు అక్కడే ఆగిపోయేది. పిల్లలకు ఇది తొలి కదలిక. ఈ వయసులో నిజం చెప్పినందుకు నవ్వితే, ఇరవై ఏండ్ల తరువాత కౌంటరులో కూచొన్నప్పుడు వాడు ఏం చేస్తాడు? మొదట్లో వంకర పోయినదాన్ని తరువాత దిద్దడం ఎంత కష్టమో ఆ బెంగుళూరు ఆయన రెండు గంటలు చెప్పినాడు.

అందుకని వచ్చే నెల సమావేశంలో మేము ఒక మాట అడుగుతాము. వచ్చే ఉగాది నుంచి గెలిచినవాళ్ళకు కప్పుతో పాటు, తన తప్పు తానే చెప్పిన బిడ్డకు కూడా ఒక కప్పు పెట్టాలి. ఒక్కో ఏడు ఎవరికీ ఇవ్వాల్సిన పని రాకపోవచ్చు. రాకపోతే ఆ కప్పు ఆఫీసు బీరువాలోనే ఉండనీ. మొదటి కప్పు ఖర్చు మాది. దాన్ని ఎవరికి ఇవ్వాలో మీకు తెలుసు. ఆ పిల్లవాడి పేరు ఇక్కడ రాయము, కానీ ఈ ఆదివారం వాళ్ళ ఇంటికి పోయి, వాళ్ళ నాయన ఎదురుగానే, ఆ పొద్దు చెప్పని మాట చెప్పి వస్తాము.

ఉంటాము. అందరూ బాగుండండి.