పాదశుద్ధి - దేహశుద్ధి: గోదావరి డెల్టా చెప్పిన పాఠము

గోదావరి పాయల నడుమ నున్న పల్లెలలో అతిథి గుమ్మములో అడుగు పెట్టగనే చేయు మొదటి మర్యాద, కాళ్ళకు నీళ్ళిచ్చుట. ముందు చెంబుతో నీళ్ళు, పిమ్మట మజ్జిగ, ఆ పిమ్మటనే మాట. పొలము నుండి వచ్చిన రైతు కాళ్ళు కడుగుకొనక అరుగెక్కడు. పెండ్లిలో కన్యాదాత వరుని పాదములు కడుగును. పెండ్లికూతురి పాదములకు పారాణి దిద్దుదురు. పేరంటమునకు వచ్చిన ముత్తైదువల పాదములకు పసుపు రాయుదురు. ఇన్ని ఆచారములు పాదము చుట్టు అల్లుకొనిన ఈ నేలయే, పాదమును మిక్కిలి బాధించిన ఒక వ్యాధికి తరతరములుగా ఆటపట్టై యుండెను. అదియే బోదకాలు.

ఈనాడు పట్టణములలో అరికాలి పటములను గోడకు తగిలించి, ఫలానా చోట నొక్కినచో కాలేయము శుద్ధి యగును, ఫలానా చోట నొక్కినచో మూత్రపిండములలోని మలినము దిగిపోవును అని చెప్పువారు కనబడుచున్నారు. ఈ విద్యకు రిఫ్లెక్సాలజీ యని పేరు; ఈ శుద్ధికి డిటాక్స్ అని పేరు. దేహమును శుద్ధిగా నుంచుకొనవలెనను కోరిక మనకు క్రొత్తది కాదు. పాదమునకును దేహారోగ్యమునకును గల సంబంధమును గూర్చిన ఆలోచనయు క్రొత్తది కాదు. కాని ఆ సంబంధ మెట్టిది? ఏ మేరకు నిజము? ఈ ప్రశ్నకు మన డెల్టా చరిత్రలోనే ఒక సమాధానము కలదు. దానిని ఈ ప్రసంగములో పరిశీలింతము.

ముందు మన ప్రాచీన వైద్యులు చెప్పిన దేమో చూతము. చరకసంహితలోను, వాగ్భటుని అష్టాంగహృదయములోను దినచర్య యను విషయమునకు ప్రత్యేక స్థానము కలదు. వాగ్భటుడు ప్రతిదినము అభ్యంగము చేసికొనుమనుచు, తల, చెవులు, పాదములు - ఈ మూడింటి యెడ విశేషముగా శ్రద్ధ వహింపుమని చెప్పెను. పాదములకు నూనె రాచుటవలన గరుకుదనము, తిమ్మిరి, అలసట తొలగునని చరకుని మాట. పాదములను తరచుగా కడుగుకొనుట, పాదరక్షలు ధరించుట కూడ ఆ గ్రంథములో ఆరోగ్యసూత్రములుగనే కానవచ్చును. దీపావళికి, భోగికి మన యిండ్లలో జరుగు తలంటులో, నువ్వులనూనెలో, నలుగుపిండిలో, కుంకుడుకాయ పులుసులో ఈ దినచర్య యొక్క జాడలే మిగిలి యున్నవి. ఇందు గమనింపదగిన దొకటి కలదు. పాదమును రుద్దుటకు వారు చెప్పిన ఫలములలో అధికభాగము పాదమునకు సంబంధించినవే. అలసట తీరుట, చర్మము మెత్తబడుట వంటివి. అరికాలిలో సకలావయవముల పటమొకటి కలదని వారు చెప్పలేదు.

ఆ పటము ఇరువదవ శతాబ్దమున అమెరికాలో పుట్టినది. కనెక్టికట్ రాష్ట్రమందలి హార్ట్‌ఫర్డ్ నగరములో చెవి, ముక్కు, గొంతు వైద్యుడైన విలియం ఫిట్జ్‌జెరాల్డ్ దేహమును నిలువుగా పది మండలములుగా భావించి, ఒక మండలములో ఒకచోట నొక్కినచో అదే మండలములో మరియొకచోట బాధ తగ్గునని ప్రతిపాదించెను. ఎడ్విన్ బవర్స్‌తో కలిసి ఆయన వ్రాసిన గ్రంథము 1917లో వెలువడెను. తరువాత యూనిస్ ఇంగమ్ అను మహిళ ఈ భావమును పాదములకు ప్రత్యేకించి, అరికాలిలో అవయవముల స్థానములను గుర్తించుచు 1938లో ఒక పుస్తకమును ప్రకటించెను. నేడు గోడలపై మనము చూచు పటములు ఆ దారిన వచ్చినవే. తరువాతి కాలమున జరిగిన వైద్యపరీక్షలను సమీక్షించినవారు, ఈ మర్దనము వలన హాయి, విశ్రాంతి కలుగుట నిజమేగాని, ఏ వ్యాధినైనను ఇది కుదుర్చునని నమ్ముటకు తగిన సాక్ష్యము లేదని తేల్చిరి.

ఇక దేహశుద్ధి యను భావము మన ప్రాంతమునకు మరియొక దారిన కూడ వచ్చినది. జర్మనీలోని లైప్‌జిగ్ నగరవాసి లూయీ కూనే, సర్వరోగములకు మూలము ఒక్కటే యనియు, అది దేహములో పేరుకొనిన అన్యపదార్థమే యనియు బోధించెను. తొట్టిస్నానములు, ఆవిరి, సాత్త్వికాహారము - ఇవియే ఆయన చికిత్సలు. ఆయన గ్రంథమును డి. వెంకటచలపతి శర్మ 1894లోనే తెలుగు చేసిరి. హిందీ, ఉర్దూ అనువాదములు దాని తరువాతనే వచ్చినవి. అనగా ప్రకృతిచికిత్సా వాఙ్మయమునకు ఈ దేశములో మొదట తలుపు తెరచిన భాషలలో తెలుగొకటి. గాంధీమహాత్ముడు కూనే గ్రంథమును, ఆడాల్ఫ్ జస్ట్ గ్రంథమును చదివి ప్రభావితుడై, 1942లో ఆగాఖాన్ భవనములో బందీగా నుండి ఆరోగ్యమును గూర్చి ఒక చిన్న పుస్తకము వ్రాసెను. 1946లో పూనాకు సమీపమున ఉరుళీ కాంచన్ గ్రామములో ప్రకృతిచికిత్సాలయమును ప్రారంభించెను. మన డెల్టాలో భీమవరము ఈ ఉద్యమమునకు పేరెన్నిక గన్నది. అచ్చట వేగిరాజు కృష్ణంరాజుగారు నెలకొల్పిన రామకృష్ణ ప్రకృతి ఆశ్రమము మట్టిపట్టీలకు, తొట్టిస్నానములకు, పథ్యమునకు ప్రసిద్ధి వహించెను.

ఈ ఉద్యమము మనకు చేసిన మేలు చిన్నది కాదు. మితాహారము, కాయగూరలు, పండ్లు, నడక, ఎండ, గాలి, మద్యపానవర్జనము - వీనిని సామాన్యగృహస్థుల నోట పలికించినది. అట్లని అన్యపదార్థ సిద్ధాంతము నంతను అంగీకరింపవలసిన పనిలేదు. క్షయకు సూక్ష్మజీవి కారణము, మలేరియాకు దోమ మోసికొని వచ్చు పరాన్నజీవి కారణము. రోగములన్నిటికి కారణ మొక్కటి కాదు. దేహములో పుట్టు మలినములను తొలగించుటకు దేహములోనే ఏర్పాటు కలదు. మాంసకృత్తులు జీర్ణమైన పిదప పుట్టు అమ్మోనియాను కాలేయము యూరియాగా మార్చును. మూత్రపిండములు దినమునకు సుమారు 180 లీటర్ల ద్రవమును వడగట్టి, అందు అధికభాగమును తిరిగి రక్తమునకు చేర్చి, లీటరున్నర మాత్రము మూత్రముగా విడుచును. ఈ పని అరికాలి మీద నొక్కుటవలన హెచ్చదు. చెమట ప్రధానముగా నీరును ఉప్పును మాత్రమే. దాని పని దేహమును చల్లబరచుట. ఈ సహజయంత్రములకు మనము చేయగల సాయమెల్ల, మద్యమువలన, పొగాకువలన, అదుపు తప్పిన మధుమేహమువలన, రక్తపుపోటువలన అవి చెడకుండ కాపాడుటయే.

అయినను పాదమునకును దేహములోని మలినమునకును సంబంధమే లేదా? ఉన్నది. అది అరికాలి పటములో లేదు. బోదకాలి చరిత్రలో ఉన్నది.

సుశ్రుతుడు శ్లీపదమను పేర ఈ వ్యాధిని వర్ణించెను. పాతనీరు నిలిచియుండి, ఎల్ల ఋతువులందును చల్లగా నుండు దేశములలో ఇది విశేషముగా పుట్టునని ఆయన గమనించెను. కారణము తెలియకపోయినను చోటును సరిగా గుర్తించిన చూపు అది. ఆ వర్ణన మన డెల్టాకు ఎంత దగ్గరగా నున్నదో చెప్పనక్కర లేదు. సర్ ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847లో ప్రారంభమై 1852 నాటికి ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైనది. కరవుతో కుమిలిన సీమ అన్నపూర్ణ యైనది. కాలువ నీరు పంటనిచ్చినది. కాని ఊరి మురుగు నిలిచినచోట దోమ కూడ పెరిగినది.

కారణము తెలియుటకు ఆ తరువాత కొన్ని దశాబ్దములు పట్టెను. 1863లో పారిస్‌లో దెమార్కే, 1866లో బ్రెజిల్‌లో వుకెరర్ సూక్ష్మమైన పురుగుపిల్లలను చూచిరి. 1872లో కలకత్తాలో తిమోతీ లూయిస్ వానిని మనుష్యుని రక్తములోనే కనుగొనెను. 1876లో ఆస్ట్రేలియాలో బాన్‌క్రాఫ్ట్ పెద్దపురుగును కనిపెట్టెను. 1877లో చైనాలోని అమోయ్ రేవున పాట్రిక్ మాన్సన్, ఈ పురుగు దోమ దేహములో ఎదుగునని తెలిసికొనెను. కీటకముద్వారా మనుష్యవ్యాధి వ్యాపించు విధమునకు అదియే తొలి దృష్టాంతములలో నొకటి. పురుగుపిల్లలు రాత్రివేళనే రక్తములో తిరుగునన్నదియు మాన్సన్ పరిశీలనయే. అందుచేతనే ఆరోగ్యసిబ్బంది రాత్రి ప్రొద్దుపోయిన పిమ్మట లాంతరుతో ఇల్లిల్లు తిరిగి వ్రేలినుండి రక్తపుచుక్క తీయవలసివచ్చెను.

పెద్దపురుగులు నివసించు చోటు శోషరసనాళములు. కండరముల సందులలో ఊరు ద్రవమును పోగుచేసి తిరిగి రక్తమునకు చేర్చు సన్నని కాలువలు ఇవి. డెల్టావాసులకు ఈ పోలిక సులభముగా తెలియును. మురుగుకాలువ పూడినచో చేనులో నీరు నిలుచును; చేను చెడును. అట్లే పురుగులు నాళములను చెరచినపుడు కాలిలో ద్రవము నిలుచును. దానిపై చర్మపు పగుళ్ళనుండి, వ్రేళ్ళ సందుల ఒరుపులనుండి క్రిములు ప్రవేశించినచో గజ్జలలో బిళ్ళ కట్టును, చలిజ్వరము వచ్చును, కాలు ఎఱ్ఱబడి మండును. ఇట్టి జ్వరము వచ్చిన ప్రతిసారియు కాలు మరికొంత దళసరి యగును. దేహశుద్ధికిని పాదమునకును గల నిజమైన సంబంధము ఇదియే.

భారతప్రభుత్వము 1955లో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమమును ప్రారంభించినది. ఈ వ్యాధిని గూర్చిన శిక్షణకు, పరిశోధనకు ఎన్నుకొనిన పట్టణములలో రాజమహేంద్రవరము ఒకటి. జాతీయ సాంక్రామిక వ్యాధుల సంస్థకు ఇచ్చట శాఖ యుండి, ఎందరో ఆరోగ్యోద్యోగులకు తరిఫీదు నిచ్చినది. రక్తములోని పురుగుపిల్లలను చంపు డైఇథైల్‌కార్బమజీన్ అను ఔషధము 1947 నాటికే తెలిసెను. 2004 నుండి వ్యాధిగల జిల్లాలలో ఏడాదికొకసారి అందరిచేత మాత్రలు మ్రింగించు పద్ధతి దేశవ్యాప్తముగా అమలులోనికి వచ్చినది. రెండేండ్లలోపు శిశువులకు, గర్భిణులకు, తీవ్రముగా జబ్బుపడినవారికి ఈ మాత్ర లీయరు. తమ దేహములో జబ్బు లేదని తలచువారు కూడ ఏల మ్రింగవలెనని పలువురు అడుగుదురు. పురుగుపిల్లలు రక్తములో నున్నను ఏండ్ల తరబడి కాలు వాపెక్కకపోవచ్చును. ఆ మనిషినుండి దోమ వ్యాధిని ఇరుగుపొరుగునకు మోయుచునే యుండును. తన కాలికై మాత్రమేగాక పొరుగువాని కాలికై కూడ మ్రింగు మాత్ర అది.

మాత్ర పురుగుపిల్లలను తొలగించునుగాని, ఏనాడో ముదిరిన వాపును పూర్తిగా తీయజాలదు. ఆ వాపు మోయువారి మాటయేమి? వారు అనుభవించినది కాలి బరువు ఒక్కటే కాదు. ఇది వంశపారంపర్యమను అపోహచే సంబంధములు తప్పిపోవుట, పనికి పోలేకపోవుట, నలుగురిలో కాలు చాచుకొని కూర్చుండుటకు సిగ్గుపడుట - ఇవి అంతకు మించిన బరువులు. ఇది వంశమున వచ్చునది కాదు, ముట్టుకొనిన అంటునది కాదు. ఇట్టివారికి ప్రపంచారోగ్యసంస్థ సిఫారసు చేయు చికిత్స వినుటకు అతిసామాన్యముగా నుండును. దినదినము సబ్బుతో, శుభ్రమైన నీటితో కాలు కడుగుట. వ్రేళ్ళ సందులను మెత్తని బట్టతో తడిలేకుండ అద్దుట. ఒరుపులకు, పుండ్లకు మందు వేయుట. కూర్చున్నపుడు, పండుకొనినపుడు కాలు ఎత్తున నుంచుట. మడమను, వ్రేళ్ళను కదలించుట. బిగువుకాని చెప్పులు తొడుగుట. ఈ పనులు విడువక చేసినచో జ్వరపు రాకలు తగ్గునని అనుభవమును, పరిశోధనయు చెప్పుచున్నవి. ఏ యంత్రమును, ఏ విలువైన తైలమును అక్కరలేదు. అతిథికి కాళ్ళకు నీళ్ళిచ్చిన ఇంట ఇది క్రొత్తగా నేర్వవలసిన విద్యయు కాదు.

ఒక హెచ్చరిక మాత్రము అవసరము. కాలు ఎఱ్ఱబడి, వేడిగా, జ్వరముతో నున్న వేళ దానిని రుద్దుట, నొక్కుట, కాపుట కూడదు, వైద్యుని చూడవలెను. మధుమేహము కలవారి పాదములకు స్పర్శ తగ్గియుండవచ్చును గనుక గట్టిగా నొక్కించుకొనుట, వేడినీటిలో నుంచుట ప్రమాదము. వారు ప్రతిదినము అరికాలిని చూచుకొనవలెను. శుద్ధి పేర దినముల తరబడి ఉపవసించుట కూడ, మందులు వాడు మధుమేహరోగులకు ప్రాణాంతకము కావచ్చును. ఆరోగ్యవంతులు పగలంతయు నిలబడి అలసినపుడు నువ్వులనూనెతో పాదములు రాయించుకొనినచో హాయిగా నిద్రపట్టుట మేలే. ఆ హాయిని హాయిగనే పిలుతము; దానిని కాలేయశుద్ధి యనవలసిన పనిలేదు.

కావున దినచర్య యనగా ఏమని మనము గ్రహింపవలెను? దాహమునకు తగిన మంచినీరు, ఆకుకూర, పప్పు, పండు, తగ్గించిన ఉప్పు, ప్రొద్దుటి నడక, వేళకు నిద్ర, పొగాకు మద్యముల విసర్జనము, రాత్రి దోమతెర, ఇంటి వెనుక మురుగు నిలువకుండ చూచుట, పడుకొనబోవుముందు కాళ్ళు కడిగి తుడుచుకొనుట. వీనిలో ఒకదానికి కూడ వెల ఎక్కువ లేదు. 2027 నాటికి బోదవ్యాధిని నిర్మూలించవలెనని దేశము సంకల్పించినది. ఆ సంకల్పము మాత్రలతో మాత్రమే నెరవేరదు. మురుగుకాలువ పూడిక తీయు పంచాయతీతోను, వాపుకాలిని చూచి మొగము త్రిప్పుకొనని పొరుగువారితోను నెరవేరవలెను. ఊరి కాలువయు ఒంటి కాలువయు పారుచున్నంత కాలము సీమ ఆరోగ్యముగా నుండును. నిలిచిన నీటిని కదల్చుటయే ఈ డెల్టా ఎరిగిన దేహశుద్ధి.