పులుల ఆలయం (థాయ్‌లాండ్)
కాంచనబురిలో 1994లో వెలసిన బౌద్ధారామం. 1999లో తొలి పులికూన చేరింది. క్రమంగా సంఖ్య వంద దాటింది. పర్యాటకులు రుసుము కట్టి పులుల పక్కన కూర్చుని ఫొటోలు దిగేవారు, కూనలకు సీసాతో పాలు పట్టేవారు. ఆ ముచ్చటకు మూల్యం చెల్లించింది పులులే: పసికూనలుగానే తల్లికి దూరం కావడం, మెడకు గొలుసులు, ఒకే రక్తంలో జతకట్టించడం. మనిషి చేతుల్లో పెరిగిన పులి అడవిలో బతకడం దాదాపు అసాధ్యం. అందువల్ల ఇలాంటి పెంపకాన్ని సంరక్షణ అనడం తప్పు.

2016లో అధికారులు ఆలయం నుంచి 137 పులులను ప్రభుత్వ కేంద్రాలకు తరలించారు. ఫ్రీజర్‌లో 40 కూనల కళేబరాలు, సోదాల్లో పులిచర్మపు తాయెత్తులు దొరికాయి. తరలించిన పులుల్లో సగానికి పైగా 2019 నాటికి ప్రభుత్వ కేంద్రాల్లోనే చనిపోయాయి. డిస్టెంపర్ వైరస్, దగ్గరి రక్తసంబంధం వల్ల తగ్గిన రోగనిరోధక శక్తి కారణాలని అధికారులు చెప్పగా, అక్కడి ఇరుకు బోనులను జంతుసంక్షేమ సంస్థలు తప్పుపట్టాయి.