ఉప్పుడు బియ్యం: కూలీల కుండ నుండి మన కంచం వరకు

వడ్లు, బియ్యం, అన్నం. ఆంగ్లం ఒక్క మాటతో సరిపెట్టుకొనే వస్తువుకు తెలుగులో మూడు మాటలున్నాయి. పొట్టుతో ఉన్నంత వరకు వడ్లు, పొట్టు తీసిన తరువాత బియ్యం, ఉడికిన తరువాత అన్నం. మేము పుట్టి పెరిగిన మలేషియాలో మలయ్ భాషకు కూడ సరిగా ఈ మూడు మెట్లే ఉన్నాయి: పాడి, బెరాస్, నాసి. అందుచేత అల్ కుసైస్‌లో సాయంకాలపు తెలుగు తరగతిలో ఈ మాటలు నేర్చుకొంటున్నప్పుడు మాకు అవి కొత్తవిగా తోచలేదు. అయితే వడ్లకూ బియ్యానికీ నడుమ మరొక మెట్టు ఉన్నది. వడ్లను నానబెట్టి, ఆవిరి పట్టించి, ఎండబెట్టి, ఆపైన దంచినా మర పట్టినా వచ్చేది ఉప్పుడు బియ్యం. అలా ఉడికించకుండా నేరుగా పొట్టు తీసినది పచ్చి బియ్యం. తరగతిలో ఒక పిల్లవాడు అడిగినట్లు ఇందులో ఉప్పు వేయరు. ఈ వ్యాసం ఆ ఒక్క మెట్టును గూర్చినది. మన పూర్వులలో కొందరు బ్రతకడానికీ, మరికొందరు కాళ్లు ఉబ్బి మరణించడానికీ ఆ మెట్టే కారణమైనది.

మా ముత్తాత విశాఖపట్నం ప్రాంతం నుండి ఒప్పందపు కూలీగా మలయాకు వెళ్లాడు. భారతీయ కూలీల ఒప్పంద పద్ధతి అక్కడ 1910లో రద్దయినది. ఆయన దానికి ముందు తరం వాడు. ఆ కాలపు మలయాలో బెరిబెరి అనే వ్యాధి భయంకరంగా వ్యాపించి ఉండేది. మొదట పాదాలు తిమ్మిరెక్కుతాయి, పిక్కలు బలహీనపడతాయి. కొందరికి కాళ్లు నీరు పట్టి ఉబ్బుతాయి. చివరకు గుండె ఆగిపోతుంది. తగరపు గనులలో పని చేసే చైనా కూలీలు వేల సంఖ్యలో దీనికి బలైనారు. అదే దేశంలో, అదే వానలో, తోటలలో పని చేసే దక్షిణ భారత కూలీలకు ఈ వ్యాధి చాల అరుదు. పల్లెలలోని మలయ్ రైతులకు కూడ అంతే.

నెగ్రి సెంబిలాన్‌లో ప్రభుత్వ వైద్యుడుగా ఉన్న బ్రాడన్ ఈ తేడాను గమనించి, మూడు జాతుల కంచాలలోకి తొంగి చూశాడు. చైనా వారు తినేది సయాం నుండి వచ్చే, మరలో బాగా తెల్లబరచిన పచ్చి బియ్యం. మలయ్ రైతులు ఇంటి రోటిలో ఏ రోజుకు ఆ రోజు దంచుకొనేవారు. భారతీయ కూలీలకు ఉప్పుడు బియ్యం వచ్చేది. నిలువ ఉన్న పచ్చి బియ్యంలో ఏదో విషం పుట్టుకొస్తున్నదని ఆయన 1907లో ప్రకటించిన గ్రంథంలో వాదించాడు. కారణం తప్పు, కాని వేలు చూపిన చోటు సరియైనది.

అప్పటికే కౌలాలంపూరు మానసిక వైద్యశాలలో ఫ్లెచర్ అనే వైద్యుడు 1905-06లో ఒక పరీక్ష జరిపాడు. రోగులను రెండు వర్గాలుగా చేసి ఒక వర్గానికి పచ్చి బియ్యం, రెండవ వర్గానికి ఉప్పుడు బియ్యం వండించాడు. తక్కిన ఆహారమంతా ఒక్కటే. దోషం ఇంటిలో ఉన్నదేమోనని మధ్యలో రెండు వర్గాల వసతులు కూడ తారుమారు చేశాడు. పచ్చి బియ్యం తిన్న 120 మందిలో 18 మంది బెరిబెరితో మరణించారు. ఉప్పుడు బియ్యం తిన్నవారిలో ఒక్కరూ మరణించలేదు. తరువాత ఫ్రేజర్, స్టాంటన్ అనే ఇద్దరు రోడ్డు పనిలో ఉన్న సుమారు 300 మంది జావా కూలీల మీద ఇటువంటి పరీక్షే చేసి, 1909లో అదే ఫలితాన్ని ప్రకటించారు. వైద్య చరిత్ర గ్రంథాలు ఈ పరీక్షలను గౌరవంతో చెప్పుకొంటాయి. మేమూ ఆ గౌరవాన్ని కాదనము. అయినా ఒక మాట చెప్పక తప్పదు. ఆ కంచాల ముందు కూర్చున్నవారు మతి చెదిరినవారూ, ఒప్పందంలో చిక్కిన కూలీలూ. ఏ అన్నం తింటారని వారిని ఎవరూ అడగలేదు. ఈ నాడు మన పిల్లలు సైన్సు పుస్తకంలో ఒక్క వాక్యంలో చదివే విషయం వారి దేహాల మీద తేలినది.

ఆ విషయం ఇది. వరి గింజ పైపొరలో, అంటే తవుడులో, థయమిన్ అనే పోషకం ఉన్నది. బి1 విటమిన్ అన్నా అదే. మర తవుడును పూర్తిగా గీకివేస్తే థయమిన్ తవుడుతో పాటు పశువుల తొట్టికి పోతుంది. వడ్లను ముందే నానబెట్టి ఆవిరి పట్టిస్తే ఆ పోషకంలో కొంత భాగం పైపొర నుండి గింజ లోపలికి ఇంకుతుంది. తరువాత ఎంత మర పట్టినా అది గింజను విడవదు, కడిగినా అంతగా పోదు. జావాలో ఐక్మన్ కోళ్ల మీద చేసిన పరిశీలనతో 1890లలో మొదలైన ఈ అన్వేషణ, 1926లో అదే జావాలో థయమిన్‌ను విడదీయడంతో ఒక కొలిక్కి వచ్చింది. ఐక్మన్‌కు 1929లో నోబెల్ బహుమతి లభించింది. ఉప్పుడు బియ్యం తయారు చేసే పద్ధతిని ఎవరు కనిపెట్టారో ఏ పుస్తకంలోనూ పేరు లేదు. వడ్లు సులువుగా పొట్టు వదలాలనీ, గింజ విరగకూడదనీ, పురుగు పట్టకూడదనీ ఏ కాలపు స్త్రీలో కనిపెట్టి ఉంటారని మా ఊహ.

ఇక మన సొంత గడ్డ సంగతి. ఇక్కడే కథ మనకు చేదుగా మారుతుంది. భారతదేశంలో బెరిబెరి స్థిరంగా పాతుకొన్న ప్రధాన ప్రాంతం మరేదో కాదు, ఉత్తర సర్కారులు. అంటే నేటి కోస్తా ఆంధ్ర. మద్రాసు కొలువులోని వైద్యుడు మాల్కమ్‌సన్ ఈ వ్యాధిపై పెద్ద వ్యాసం 1835లోనే మద్రాసులో ప్రచురించాడు. దక్షిణాన తమిళులు ఉప్పుడు బియ్యం తింటూ ఉండగా, కృష్ణా గోదావరీ తీరాలలో పచ్చి బియ్యమే వాడుక. ధవళేశ్వరం ఆనకట్ట తరువాత డెల్టాలో వరి పెరిగింది. తరువాతి కాలంలో మరలు వచ్చాయి, రోకలి మూలన పడింది, అన్నం మల్లెపూవులా తెల్లబడింది. నీలగిరులలోని కూనూరులో 1918లో మెకారిసన్ ఒకే గదిలో ప్రారంభించిన పరిశోధన విభాగానికి పెట్టిన పేరే బెరిబెరి విచారణ. ఆ విభాగమే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదుకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అనే పేరు పొందినది.

కూలీలుగా సముద్రం దాటిన మా వారికి వచ్చినది చౌక బియ్యం. రెండు మూడు రోజులు నానిన వాసన, పసుపు పచ్చని రంగు. సొంత ఊరిలో మిగిలిన వారు తెల్లని అన్నం తిని పాదాలు తిమ్మిరెక్కి పడిపోతూ ఉంటే, ఆ చవక బియ్యం వీరిని కాపాడినది. దీనిని అదృష్టమని పొగడలేము. మలయా తోటలలో మలేరియా, విరేచనాలు మా పూర్వులను ఎడాపెడా తీసుకొనిపోయాయి. కాళ్లలో బలం మాత్రం మిగిలినది. ఆ తరువాతి తరాలు కొంచెం నిలదొక్కుకోగానే చేసిన మొదటి పని ఏమిటి? కూలీ బియ్యం మాని తెల్ల బియ్యం కొనడం. మా నాయనమ్మ ఇంటికి అతిథి వస్తే పచ్చి బియ్యమే వండేది.

తెలుగు నాట కూడ ఇటువంటిదే జరిగింది. తెలంగాణ మెట్ట ప్రాంతాలలోను, రాయలసీమలోను జొన్నరొట్టె, సజ్జలు, రాగిసంకటి రోజువారీ తిండి. వరి అన్నం పండుగనాటిది. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం రెండు రూపాయలకు కిలో బియ్యం ఇచ్చినప్పుడు ఆకలి తగ్గినది, అది చిన్న విషయం కాదు. దానితో పాటు పండుగ అన్నం ప్రతిరోజు అన్నమైనది, జొన్న వెనకబడినది. మరొక వింత కూడ ఉన్నది. తెలంగాణలో యాసంగి వడ్లు ఎండలకు పగిలి, పచ్చిగా మర పడితే నూకలవుతాయి. అందుచేత అక్కడి మిల్లులు వాటిని ఉప్పుడు బియ్యంగా మారుస్తాయి. పండించిన వారు అవి తినరు. కేరళకు, తమిళనాడుకు పంపుతారు. 2021లో ఆ బియ్యం ఇక తీసుకోమని కేంద్రం చెప్పినప్పుడు ఎంత రాజకీయం నడిచిందో పాఠకులకు గుర్తుండే ఉంటుంది.

ఇప్పుడు అల్ కుసైస్. షార్జా సరిహద్దును ఆనుకొన్న ఈ పేటలో ఒక వైపు బడులూ, కుటుంబాల అపార్టుమెంట్లూ, మరొక వైపు పారిశ్రామిక వాడ. ఆ పక్కనే ముహైస్నాలో, జనం సోనాపూర్ అని పిలిచే చోట, కార్మికుల వసతులు. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాదు నుండి వచ్చిన అన్నదమ్ములు రాత్రి పని దిగి వచ్చి, గదిలో వంతుల వారీగా వండుకొంటారు. కుక్కరు నిండా తెల్లన్నం, పైన ఒక్క కూర. వేసవిలో జూన్ 15 నుండి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12:30 నుండి 3 గంటల దాకా ఎండలో పని చేయించరాదని ఇక్కడి చట్టం. ఎండ నుండి కాపాడడానికి చట్టమున్నది. కంచం సంగతి ఎవరికి వారే చూసుకోవాలి.

పప్పు, వేరుసెనగ, కూరలు అందుబాటులో ఉన్న మన ఇళ్లలో నేడు బెరిబెరి భయం లేదు. వచ్చిన భయం మధుమేహం. మన దక్షిణాసియా దేహాలకు అది ఇతరుల కంటె చిన్న వయస్సులో, తక్కువ బరువుకే వస్తుందని వైద్యులు చెబుతున్నారు. నాడు అన్నంలో ఒకటి లోపించి మనుషులు పడిపోయారు. నేడు అన్నం ఎక్కువై పడిపోతున్నారు. రెండు కాలాలలోను కంచంలో అన్నం తక్కిన వాటిని తోసివేసినది. హైదరాబాదు సంస్థ 2024లో ఇచ్చిన సూచనలలో ధాన్యాల నుండి వచ్చే శక్తి 45 శాతం మించకూడదని ఉన్నది. మన ఇళ్లలో అది సగం దాటి పోవడం మామూలు. ఉప్పుడు బియ్యం మధుమేహానికి మందు కాదు. గుప్పెడు తగ్గించకుండా బియ్యం మాత్రం మార్చితే ఒరిగేది స్వల్పం. చేయదగినది ఏమంటే అన్నం ఒక గరిటె తగ్గించి, పప్పు, ఆకుకూర ఒక్కొక్క గరిటె పెంచడం. రాత్రి భోజనమైన తరువాత ఇంటి చుట్టూ పావు గంట నడవడం. ముప్పై ఏళ్లు దాటిన వారు ఏడాదికొకసారి రక్తంలో చక్కెర చూపించుకోవడం. ఇప్పటికే మందులు వాడేవారు తమ వైద్యుని అడిగి మార్పు చేసుకోవాలి.

బియ్యం విషయంలో, ఇక్కడి మలయాళీ దుకాణాలలో ఎర్రని మట్ట బియ్యం, తెల్లని ఉప్పుడు బియ్యం రెండూ దొరుకుతాయి. మొదటి రోజే అత్తగారికీ మామగారికీ వడ్డించి పేచీ పెట్టుకోవద్దు. నాలుగు పాళ్లు సన్న బియ్యానికి ఒక పాలు ఉప్పుడు బియ్యం కలిపి మొదలు పెట్టండి. ఉప్పుడు బియ్యం అరగంట ముందు విడిగా నానబెట్టాలి. దానికి నీరు కొంచెం ఎక్కువ, మంట కొంచెం సేపు ఎక్కువ. ఏ బియ్యమైనా నాలుగైదు సార్లు నలిపి కడగవద్దు. గంజి వార్చే అలవాటున్నవారు దానిని పారబోయక, ఉప్పు, మజ్జిగ కలిపి తాగవచ్చు. మజ్జిగ పులుసుతోను, పచ్చిపులుసుతోను ఆ అన్నం బాగుంటుంది. ఆవకాయతో మాత్రం మాకు ఇంకా సన్న బియ్యమే.