బ్రేకు పట్టేసిన బండి: మన కోయంబత్తూరు వాళ్ళ మోటారు చరిత్ర

మన ఇంటి చరిత్ర ఎవరు చెప్పినా మదురై విశ్వనాథ నాయకుడి దగ్గరే మొదలుపెడతారు. 1529 ప్రాంతంలో ఆయన విజయనగరం తరఫున మదురై ఏలడానికి వచ్చాడు, ఆ కాలంలోనూ ఆ తరవాతా మనవాళ్ళు దిగారు, నల్లరేగడి చూసుకుని పత్తి పండించారు. అక్కడితో కథ ఆగిపోతుంది. ఆ రేగడి పొలాల్నించి మన వాళ్ళు ఇంజన్ల దగ్గరికి ఎలా వచ్చారో సరిగ్గా చెప్పేవాళ్ళు తక్కువ. ఈసారి ఆ భాగం రాద్దామనుకున్నాను. కారణం, కోయంబత్తూరులో మా మామ షెడ్డులో బ్రేకు పట్టేసి నిలబడ్డ ఒక పాత ఎంజీ టీడీ కారు.

ఎంజీ టీడీ ఇద్దరు కూర్చునే ఇంగ్లీషు స్పోర్ట్స్ కారు. 1949 నించి 1953 దాకా ఆబింగ్డన్ అనే ఊళ్ళో దగ్గర దగ్గర 30 వేల బళ్ళు చేశారు. నాలుగు చక్రాలకీ హైడ్రాలిక్ డ్రమ్ బ్రేకులు. మాస్టర్ సిలిండరు మాత్రం కాళ్ళకింద పలకల అడుగున ఉంటుంది, చూడాలంటే పలక ఎత్తాల్సిందే.

పోయిన సంక్రాంతికి మేం వెళ్ళినప్పుడు మామ ఆ బండి బయటికి తీశారు. నాలుగైదు కిలోమీటర్లు బాగానే పోయింది. తరవాత ఎవరో వెనక పట్టుకుని లాగుతున్నట్టు బరువెక్కింది. చివరికి కదలనే లేదు. చక్రాల దగ్గర చెయ్యి పెడితే కాలింది. అరగంట చల్లారాక మళ్ళీ నడిచింది. మెల్లిగా ఇంటికి తెచ్చుకున్నాం, గేటు దగ్గర మళ్ళీ పట్టేసింది.

నేను స్పానరు తీసుకుని డ్రమ్ము విప్పబోయాను. మామ ఆపారు.

"అల్లుడూ, ఏదీ విప్పొద్దు. ముందు ఏది బాగుందో చూడు."

నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. రోజూ చేసే పనే అది, అయినా ఆ మాట అలా ఎవరూ చెప్పలేదు నాకు.

జాకీ వేసి ఒక్కో చక్రం తిప్పి చూశాం. నాలుగూ బిగుసుకునే ఉన్నాయి. ఒక్క చక్రమే పట్టేస్తే ఆ చక్రం దగ్గర సిలిండరు తుప్పు పట్టి ఉండాలి, లేదా దాని రబ్బరు హోసు లోపల ఉబ్బి మూసుకుపోయి ఉండాలి. వెనక రెండే పట్టేస్తే హ్యాండ్ బ్రేకు కేబులో, వెనక ఇరుసుకి వెళ్ళే హోసో. నాలుగూ ఒకేసారి అంటే తప్పు నాలుగింటికీ కలిసే చోట ఉంది.

తరవాత ముందు చక్రం దగ్గర బ్లీడర్ నట్టు కొంచెం వదులు చేశాం. ఆయిలు చిమ్మింది, చక్రం తిరిగింది. అంటే షూలు ఇరుక్కోలేదు, లోపల ఒత్తిడి నిలిచిపోయింది. నట్టు బిగించి, పెడలు తొక్కి మళ్ళీ పట్టేసేలా చేసి, ఈసారి మాస్టర్ సిలిండరు దగ్గర పైపు వదులు చేశాం. నాలుగు చక్రాలూ ఒక్కసారే వదిలాయి. ఇక పైపుల్లో, హోసుల్లో తప్పు లేదు. పెడలుకీ పిస్టన్‌కీ మధ్య కడ్డీకి ఉండాల్సిన కొంచెం ఆట కూడా సరిగ్గానే ఉంది. మిగిలింది మాస్టర్ సిలిండరు ఒక్కటే.

విప్పితే లోపల రబ్బరు కప్పు ఉబ్బిపోయి ఉంది. పెడలు వదిలాక ఆయిలు డబ్బాలోకి తిరిగి రావడానికి ఆ సిలిండర్లో సూదిమొనంత రంధ్రం ఉంటుంది. ఉబ్బిన కప్పు దాన్ని మూసేసింది. బండి నడిచేకొద్దీ వేడికి ఆయిలు వ్యాకోచిస్తుంది, పోయేందుకు దారి లేక తనంతట తానే బ్రేకు వేస్తుంది. చల్లారితే వదులుతుంది. దార్లో జరిగింది అదే.

కప్పు ఎందుకు ఉబ్బింది? డబ్బాలో ఆయిలు తగ్గిందని మా ఇంట్లోనే ఒకరు ఇంజను ఆయిలు పోశారు. పేరు రాయను, ఇది చదువుతారు. పాతకాలం బ్రేకు ఆయిల్లో ఉండేది ఆముదం, ఆల్కహాలు. ఆ రబ్బరుకి ఆముదం పడుతుంది, పెట్రోలియం నూనె పడదు. "రెండూ నూనెలే గదా అనుకుంటే ఇదే గతి" అన్నారు మామ. పైపులన్నీ ఆల్కహాలుతో కడిగి, రబ్బర్లన్నీ మార్చాల్సి వచ్చింది.

మామకి ఈ పద్ధతి ఏ కాలేజీ నేర్పలేదు. ఊరే నేర్పింది. పత్తి పండించిన ఊళ్ళకి పత్తి మిషన్లు వచ్చాయి. 1910లో కుప్పుస్వామి నాయుడు గారు లక్ష్మీ మిల్స్ మొదలుపెట్టారు. 1930లలో పైకారా కరెంటు వచ్చాక మిల్లులు వరసగా లేచాయి. మిషన్లు ఇంగ్లండువి. ఒక భాగం పోతే ఓడ మీద రావాలి. అందుకని పోయింది ఏదో ఖచ్చితంగా పట్టుకుని, ఆ ఒక్కటే ఇక్కడ పోతపోసి చేసుకోవడం అలవాటైంది. ఫౌండ్రీలు, పంపులు, మోటార్లు అలా పుట్టాయి.

కలంగల్‌లో 1893లో పుట్టిన జి.డి. నాయుడు గారు 1920లో పొళ్ళాచ్చి, పళని మధ్య ఒక్క బస్సుతో మొదలుపెట్టి యూనివర్సల్ మోటార్ సర్వీస్ దాకా పెంచారు. అటు మదురైలో 1911లో మొదలైన సుందరం అయ్యంగారి టీవీఎస్ కూడా బస్సుల కంపెనీయే. వాళ్ళు తమిళులు, కానీ మన కథలో వాళ్ళ పేరు రాక తప్పదు. 1962లో ఇంగ్లండు గర్లింగ్ వాళ్ళతో కలిసి బ్రేక్స్ ఇండియా పెట్టింది ఆ కుటుంబమే.

తరవాతి తరంలో లక్ష్మీ మిల్స్ కుటుంబం నించే కరివర్ధన్ వచ్చారు. షోలవరంలో రేసులు నడిపి, 1980ల చివర్లో మారుతి 800 ఇంజనుతో ఫార్ములా మారుతి రేసు కారు తయారుచేశారు. దొరికిన భాగాలతోనే రేసు బండి చెయ్యడం ఈ ఊరి పనే. 1995లో విమాన ప్రమాదంలో పోయారు. చెట్టిపాళెంలో 2003లో తెరిచిన ట్రాకుకి ఆయన పేరే పెట్టారు. 2005లో ఫార్ములా వన్‌కి వెళ్ళిన నారాయణ్ కార్తికేయన్‌దీ ఈ ఊరే.

ఈ పేర్లన్నీ పుస్తకాల్లో దొరుకుతాయి. అవినాశి రోడ్డు మీద జీడీ కార్ మ్యూజియంలో పాత బళ్ళూ చూడొచ్చు. కానీ బండి ఎలా విప్పాలో, ఏది ముందు చూడాలో తెలిసిన మామల్లాంటి వాళ్ళ పేర్లు ఎక్కడా లేవు. మామకి డెబ్బై ఎనిమిది దాటాయి. కొడుకులిద్దరూ బయటి దేశాల్లో ఉన్నారు, బండి అమ్మేద్దామంటున్నారు. అమ్మితే అమ్మనీ. ఆయన చెప్పిన క్రమం మాత్రం ఒక నోటుబుక్కులో రాసుకున్నాను, మామ మాటల్లోనే, ఇంటి తెలుగులోనే.

మీ ఇళ్ళల్లో మిల్లులోనో, ఫౌండ్రీలోనో, బస్సు షెడ్డులోనో పనిచేసిన పెద్దలుంటే ఒక పూట కూర్చుని అడగండి. ఎక్కణ్ణించి వచ్చాం అని కాదు, ఏం పని తెలుసు అని అడగండి. రాసి పంపితే ఇక్కడ పెడతాం.