విషం చూపే పళ్ళెం, విడిగా పెట్టిన గ్లాసు

కొత్తగూడెంలో రాత్రి రైలెక్కి తెల్లారేసరికి సికింద్రాబాద్‌లో దిగాం. మాతో డిగ్రీ చదివే పిల్లలు పదహారు మంది, ఇద్దరు టీచర్లు ఉన్నారు. పిల్లల్లో చాలామంది బొగ్గుబాయిల్లో పనిచేసినవాళ్ళ మనవలు, మనవరాళ్ళు. సాలార్‌జంగ్ మ్యూజియం చూడాలన్నది వాళ్ళ కోరిక. అందరిలాగే వాళ్ళూ మేలిముసుగు రెబెక్కా బొమ్మ కోసం, గంటలు కొట్టే గడియారం కోసం వచ్చారు. పింగాణీ గదులు దారిలో తగిలాయంతే.

మేము ఆ గదుల్లోనే ఆగిపోయాం. చైనావి, జపాన్‌వి, యూరప్‌వి – పళ్ళేలు, కూజాలు, కప్పులు, సాసర్లు అద్దాల వెనక వరసగా ఉన్నాయి. లేతాకుపచ్చ రంగులో ఉండే చైనా సెలడాన్ పళ్ళేల దగ్గర ఎవరో తమవాళ్ళకి చెప్తున్నారు: ఇందులో విషం కలిపిన అన్నం పెడితే రంగు మారుతుందట, లేకపోతే పళ్ళెమే పగిలిపోతుందట, అందుకే రాజులు, నవాబులు దీన్ని ఏరికోరి తెప్పించుకునేవాళ్ళట. ఇది వట్టి నమ్మకం. ఆ గుణం ఆ పళ్ళేనికి లేదు. కానీ అనేక దేశాల దర్బారుల్లో వందల ఏళ్ళు చెలామణి అయిన నమ్మకం.

మా పిల్లల్లో ఒకమ్మాయి ఇది విని అడిగింది: "సార్, వాళ్ళ పళ్ళెం విషాన్ని చూపెట్టేదంట. మా అమ్మమ్మ తాగిన గ్లాసునేమో విషంలెక్క చూసి విడిగ పెట్టేటోళ్ళు. ఆ గ్లాసు ఏ గదిల ఉన్నది?"

సార్ దగ్గర జవాబు లేదు. మా దగ్గరా లేదు. ఈ వ్యాసం ఆ ప్రశ్న దగ్గర మొదలైంది.

ఎవరి సొమ్ము, ఎవరి చేతులు

మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ 1889లో పుట్టాడు. ఇల్లందులో బొగ్గు తవ్వకం మొదలైందీ 1889లోనే. 1871లో జియలాజికల్ సర్వేకి చెందిన విలియం కింగ్ అక్కడ బొగ్గు ఉందని గుర్తించాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీకి తవ్వే హక్కులొచ్చాయి. ఆ కంపెనీయే 1920లో సింగరేణి కాలరీస్ అయింది. బొగ్గు డబ్బుతో సాలార్‌జంగ్ పింగాణీ కొన్నాడని మేము అనటం లేదు. ఆయన సొమ్ము జాగీరు సొమ్ము. జాగీరు ఊళ్ళలో రైతులు, వెట్టివాళ్ళు పండించిన సొమ్ము. మేము చెప్పేదల్లా ఇంతే: ఒకే రాజ్యంలో, ఒకే కాలంలో, ఒకాయన ఇంట్లోకి సముద్రాలు దాటి పళ్ళేలొస్తున్నప్పుడు, మా తాతలు తట్టా చెమ్మాస్ పట్టుకుని భూమి లోపలికి దిగుతున్నారు. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూపించే గది ఏ మ్యూజియంలోనూ మాకు కనపడలేదు.

ఆయన 1949లో చనిపోయాడు. జాగీర్ల రద్దు కూడా ఆ ఏడే. 1951లో దివాన్‌దేవిడీలో మ్యూజియం తెరిచారు. 1961లో పార్లమెంటు చట్టంతో అది జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయింది. 1968లో మూసీ ఒడ్డునున్న ఇప్పటి భవనంలోకి మారింది. అంటే ఒక జాగీర్దారు ఇంటి సామాను జాతి సంపద అయింది. మంచిదే, అందరూ చూస్తున్నారు. కానీ జాతి సంపద అన్నాక, ఆ జాతిలో ఎవరి గిన్నెలకు చోటుంది, ఎవరివి లేవు అని అడిగే హక్కు కూడా అందరికీ వచ్చినట్టే.

మట్టికి రాసిన చట్టం

పింగాణీ ఎందుకంత ఖరీదు? తెల్లటి కెయోలిన్ మట్టిని సుమారు 1300 డిగ్రీల వేడిలో కాలిస్తే అది గాజులా బిగుసుకుపోతుంది. నీరు పీల్చదు. ఈ విద్య చైనావాళ్ళకు వెయ్యేళ్ళకు ముందే తెలుసు. యూరప్‌లో జర్మనీలోని మైసెన్ కార్ఖానాకు 1710లో గానీ పట్టుబడలేదు. మన కుమ్మరి చేసే కుండకు సన్నని రంధ్రాలుంటాయి. నీరు ఊరుతుంది, ఆవిరవుతుంది, కాబట్టే చల్లగా ఉంటుంది. ఎండాకాలం ప్రాణం నిలిపే గుణం అది.

ఈ గుణాన్నే ధర్మశాస్త్రాలు కులానికి వాడుకున్నాయి. కుండ పీల్చుకుంటుంది కాబట్టి అంటు కూడా పీల్చుకుంటుందన్నాయి. లోహపు పాత్రను తోమి శుద్ధి చేసుకోవచ్చు. మట్టిపాత్రను మళ్ళీ కాల్చాలి, కొన్ని అంట్లకైతే కాల్చినా పోదు, పారెయ్యాల్సిందే. మనుస్మృతి ఐదో అధ్యాయంలో ఈ లెక్కలన్నీ ఉన్నాయి. పదో అధ్యాయానికి వచ్చేసరికి ఆ చట్టం మనుషుల మీదికి ఎక్కుతుంది. చండాలుడు ఊరి బయట ఉండాలి, పగిలిన పాత్రల్లో తినాలి, అతను వాడిన పాత్ర ఇంకొకరికి పనికిరాదు. మట్టి గుణం గురించి మొదలైన మాట మనిషి పుట్టుక దగ్గర తేలింది. పూనాలో పీష్వాల కాలంలో అంటరానివాళ్ళు ఉమ్మి నేలమీద పడకుండా మెడలో కుండ కట్టుకుని తిరగాల్సి వచ్చేదని అంబేడ్కర్ 1936లో 'కులనిర్మూలన'లో రాశాడు.

1927 మార్చి 20న మహాడ్‌లో ఆయనతో కలిసి వేలమంది చౌదార్ చెరువులో నీళ్ళు తాగారు. తర్వాత అగ్రవర్ణాలు ఆ చెరువును ఎట్లా శుద్ధి చేశారు? పాలు, పెరుగు, పేడ, మూత్రం కలిపిన 108 కుండలతో. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. పేడా మూత్రం మోసిన కుండ మైల పడలేదు. మనిషి దోసిలి తగిలిన నీళ్ళు మైలపడ్డాయి.

యూరప్ గదిలో వెడ్జ్‌వుడ్ కంపెనీ సామాను కూడా చూశాం. ఇంగ్లండులో జోసయా వెడ్జ్‌వుడ్ 1787లో బానిసత్వానికి వ్యతిరేకంగా ఒక చిన్న మట్టి పతకం చేయించాడు. సంకెళ్ళతో మోకాళ్ళ మీద కూర్చున్న ఆఫ్రికా మనిషి, నేనూ మనిషినే కదా అని వేడుకుంటున్నట్టు అందులో ఉంటాడు. ఆ పతకాన్ని జనం నగల్లో, డబ్బీల మీద పెట్టుకున్నారు. ఉద్యమానికి మేలే జరిగింది. అయినా ఆ బొమ్మలో మనిషి మోకాళ్ళ మీదే ఉన్నాడు. మహాడ్‌లో మనవాళ్ళు ఎవరినీ వేడుకోలేదు. దిగి తాగారు. రెండూ పోరాటాలే, కానీ ఒకదాన్ని దొరలు మలిచారు, ఇంకోదాన్ని మనవాళ్ళే నడిపారు.

గ్లాసు కథ

ఇక ఆ అమ్మాయి అడిగిన గ్లాసు సంగతి. మా చిన్నప్పుడు మా అమ్మమ్మ ఊరికి పోతే అక్కడ ఒక హోటలుండేది. చూరులో కర్రకి తగిలించిన గ్లాసులు మనవి. మనమే తీసుకోవాలి, చాయ్ పైనుంచి పోస్తారు, తాగి మనమే కడిగి మళ్ళీ తగిలించాలి. అంతకు ముందు కొబ్బరిచిప్పలుండేవని అమ్మమ్మ చెప్పేది. నీళ్ళైతే దోసిట్లోకి ఎత్తిపోసేవాళ్ళట. మా నాయన బాయిలోపల ఏ కులమోడి సీసా అయినా ఎత్తుకుని తాగినోడు, తన సీసా ఇచ్చినోడు. అదే నాయన పండక్కి ఊరికి పోతే చూరుకింద గ్లాసు తీసుకోవాల్సి వచ్చేది. అందుకే ఆయన ఊళ్ళో చాయ్ తాగటం మానేశాడు. మాకు ఎప్పుడూ కారణం చెప్పలేదు. తలనొస్తదని మాత్రం అనేవాడు.

రాజ్యాంగం 17వ అధికరణం 1950 నుంచి అమల్లో ఉంది. 1955 చట్టం, 1976లో పౌరహక్కుల పరిరక్షణ చట్టంగా పేరు మారిన ఆ చట్టమే, హోటళ్ళలోని పాత్రలు వాడకుండా ఎవరినైనా అడ్డుకోవటం నేరమని నాలుగో సెక్షన్‌లో విడిగా రాసింది. పార్లమెంటు గిన్నెల గురించి చట్టం చెయ్యాల్సి వచ్చిన దేశం మనది. ఆ తర్వాత కూడా రెండు గ్లాసుల పద్ధతి కొనసాగుతోందని 2001లో జస్టిస్ పున్నయ్య కమిషన్ చెప్పింది. ప్లాస్టిక్ గ్లాసులు, కాగితపు కప్పులు వచ్చాక చాలా హోటళ్ళలో చూరుకింద గ్లాసు మాయమైంది. అయితే అందరికీ కాగితం కప్పు రావటం వేరు, కొందరికే కాగితం కప్పు ఇచ్చి మిగతావాళ్ళకి స్టీలు గ్లాసివ్వటం వేరు. ఈ తేడా చూడటానికి కాగితాల్లో వెతికితే లాభం లేదు, హోటలు బల్ల దగ్గర నిలబడాలి.

నిప్పు తెలిసినవాళ్ళు

మర్నాడు పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియంకి పోయాం. జనం ఈజిప్టు మమ్మీ చుట్టూ ఉన్నారు. మేము తవ్వకాల్లో దొరికిన కుండల దగ్గర నిలబడ్డాం. పినపాక దగ్గరి జానంపేట మా జిల్లాలోదే. అక్కడ రాతి సమాధులున్నాయి. తెలంగాణలో ఇట్లాంటి బృహత్‌శిలా సమాధుల్లో దొరికే కుండలు లోపల నలుపు, బయట ఎరుపు. బోర్లించి కాలిస్తే లోపలికి గాలి అందక నలుపు వస్తుంది, గాలి తగిలిన బయటివైపు ఎర్రబడుతుంది. సెలడాన్ ఆకుపచ్చ కూడా ఇట్లాగే: పూతలోని ఇనుము గాలి తక్కువైన మంటలో ఆ రంగు తేలుతుంది. గాలిని ఆపి, వదిలి రంగు తెప్పించే విద్య ఇద్దరిదీ ఒకటే. ఒకదాన్ని కళ అంటున్నారు, ఇంకోదాన్ని పెంకు అంటున్నారు.

గోదావరిఖనికి దగ్గర్లో పెద్దపల్లి పక్కన పెద్దబంకూరులో శాతవాహనుల కాలం నాటి మట్టి ఒరల బావులు బయటపడ్డాయి. ఒక్కో ఒరను చేసి, కాల్చి, ఒకదానిమీద ఒకటి దించినవాళ్ళ పేర్లు మనకు తెలియవు. నాణేల మీద రాజుల పేర్లు తెలుసు. ఆ బావి నీళ్ళు ఎవరు తోడుకోవచ్చో, ఎవరు తోడుకోగూడదో ఒరలు చెప్పవు. చరిత్రకారుడు అడగాలి.

బాయిలో కూడా మట్టికి పనుంది. బొగ్గు పేల్చటానికి రంధ్రంలో మందు పెట్టాక నోరు మట్టి ముద్దలతో మూస్తారు. మంట బయటికి తన్నకుండా, గ్యాసు అంటుకోకుండా కాపాడేది ఆ పిడికెడు మట్టే. దాన్ని పిసికిన చేతుల లెక్క ఏ గదిలోనూ లేదు. కుండల కార్ఖానాల్లో సిలికా దుమ్ము, బాయిల్లో బొగ్గు దుమ్ము – రెండూ చేరింది పనివాళ్ళ ఊపిరితిత్తుల్లోకే.

మన ఇంట్లో గిన్నె

ఇదంతా అగ్రవర్ణాల గురించే రాసి ఊరుకుంటే సగం నిజమే చెప్పినట్టు. కుమ్మరి ఇంట్లో ఆడవాళ్ళు మట్టి తొక్కుతారు, పిసుకుతారు, మోస్తారు. సారె మాత్రం ముట్టుకోనివ్వరు. మాల ఇంట్లో మాదిగకు, మాదిగ ఇంట్లో డక్కలికి గిన్నె విడిగా పెట్టిన రోజులు మనకూ తెలుసు. పై నుంచి వచ్చిన చట్టాన్ని మనం కిందికి దించాం. ఆ గిన్నె కూడా చూపించకపోతే మన చరిత్ర కూడా సాలార్‌జంగ్ గదిలాగే మెరుస్తుంది, కానీ ఏమీ చెప్పదు.

తిరుగు రైల్లో పిల్లలు ఒక పని ఒప్పుకున్నారు. ఎవరి అమ్మమ్మ ఊరికి వాళ్ళు పోయి, విడిగా పెట్టిన గ్లాసో, చిప్పో, ముంతో ఉంటే అడిగి తేవాలి. లేకపోతే దాన్ని వాడినవాళ్ళ మాట రాసుకురావాలి. ఏ ఊరు, ఏ సంవత్సరం వరకు, ఎవరు కడిగేవాళ్ళు, ఎట్లా ఆగిపోయింది – ఇవి నాలుగే ప్రశ్నలు. టీచర్లు, కార్యకర్తలు తమ ఊళ్ళలో ఇదే పని చేస్తే బాగుంటుంది. ఆ గ్లాసులు తాగినవాళ్ళు ముసలివాళ్ళవుతున్నారు.

మొదటి వస్తువు ఆ అమ్మాయే తెచ్చింది. అంచు సొట్టబోయిన సత్తు గ్లాసు. ఇచ్చేటప్పుడు వాళ్ళమ్మమ్మ ఒకటే అడిగిందట: "దీన్ని అందరు సూసే కాడ పెడ్తరా, మల్ల బయట్నే పెడ్తరా?"