అగ్రహారపు నూయి

గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము హాస్యనాటకమని యెల్లరు నెఱుగుదురు. 1892లో విజయనగరమున జగన్నాథవిలాసినీ సభవారు దాని నాడిరి. 1897లో అచ్చుపడెను. 1909లో గ్రంథకర్త దానిని మిక్కిలి పెంచి మరల ప్రకటించెను. గిరీశము మాటలు నేటికిని జనుల నోళ్ల నానుచున్నవి. నూతిలో దుమికిన యిల్లాలిని తలచువా రరుదు.

ఆమె వెంకమ్మ, కృష్ణరాయపురాగ్రహారపు అగ్నిహోత్రావధానుల భార్య. కొడుకు నింగ్లీషు చదివింపవలెనని పట్టుపట్టినదామెయే. పెద్దకూతురు బుచ్చమ్మను తండ్రి ముసలివాని కమ్మగా, విధవయై పుట్టినింట పడియున్నది. రెండవకూతురు సుబ్బినిగూడ వృద్ధుడగు లుబ్ధావధానుల కిచ్చుటకు మాట యైనది. భర్తకు కోపమెక్కువ, వ్యాజ్యములపిచ్చి యంతకంటె నెక్కువ. అట్టి యింట నాడుదాని మొఱ వినువారెవరు? పెరటి నూయియే గతి. ఆమెను పైకి తీసిరి. ఆమె సోదరుడు కరటకశాస్త్రి తన శిష్యునికి ఆడువేషము వేసి లుబ్ధావధానులకే కట్టబెట్టెను. మనము కడుపుబ్బ నవ్వుకొను కథకు మూలమీ నూయియే.

ఇది కవి కల్పించిన ఘోరము కాదు. ఆనందగజపతి మహారాజుగారు విశాఖపట్టణము జిల్లాలో మూడేండ్ల శుల్కవివాహముల పట్టిక వ్రాయించగా 1,034 తేలినవి. అందు ముగ్గురు పిల్లలకు వయస్సొక్కయేడు. ఒక్కొక్కరి వెల 350 మొదలు 400 రూపాయలు. ఉయ్యాలలో నున్న బిడ్డకు బేరము!

ఖమ్మము, భద్రాచలముల నడుమ నడవులలోని కోయపల్లెలలోను వరునివారు ఓలి యిచ్చు నాచారము కలదు. దానిని చూపి, రూపాయలు పుచ్చుకొనుటయే దోషమైనచో వీరిమాట యేమని మాతో వాదించువారు కలరు. వాదము పైకి బాగుగనే యున్నది. కాని కోయవారిలో పెండ్లికూతురు సాధారణముగ నీడువచ్చినది. మగడు పోయినచో మారుమనువునకు అడ్డులేదు. అగ్రహారములో బిడ్డ నమ్మినవారు వైధవ్యమునుగూడ ముందే యమ్మిరి. వేదపఠనము గల యిండ్లలో జరిగిన పనియిది.

గ్రంథభాషకు అలవాటుపడిన మావంటివారికి ఆ నాటకపు వాడుకమాటలు మొదట గరుకుగ దోచును. వెంకమ్మ గొంతు వేఱొక భాషలో పలికియుండెడిది కాదు.

తుదకు సుబ్బికి ఆ పెండ్లి తప్పినది. బుచ్చమ్మను పూనాలోని వితంతుశరణాలయమునకు పంప నిశ్చయించిరి. తుదిరంగమంతయు పట్టణములోని సౌజన్యారావుపంతులుగారి యింట జరుగును. వెంకమ్మ అందు లేదు. ఆమె అగ్రహారములో, ఆ నూతి దగ్గఱనే యున్నది.